పేరు రాయరాని మడి

హైదరాబాదు, 3 జూలై 1944

సిద్దిపేట చదువుల తోట మాలి ఇస్తారికి, తోటల ఇన్‌స్పెక్టరు రాజం ఆశీర్వదించి రాస్తున్నది.

మడులన్నీ నక్షా ప్రకారం లేచాయని విని సంతోషించాను. నూనె గింజల మడి, నార మడి, అద్దకం రంగుల మడి, మందుల మడి, విషాల మడి. ఇక మిగిలింది పేర్ల రేకులే. ప్రతి మొక్క దగ్గరా ఒక రేకు పాతి, దాని పేరూ ఉపయోగమూ రాయించు. చూసినవాడు నేర్చుకుని పోవాలి. ఇరవై ఎనిమిదో తేదీన పెద్ద సాహెబు వచ్చి తోట తెరుస్తారు.

ఇట్లు,
రాజం

తా.క.: విషాల మడిలోవి నిజంగా విషమేనా అని రుచి చూడనక్కరలేదు. నీకు ముందున్న మాలి చూశాడు.


సిద్దిపేట, 7 జూలై

దయగల ఇన్‌స్పెక్టరు దొరవారికి మాలి ఇస్తారి వంగి మొక్కి రాసుకున్నది.

తమరి ఉత్తరం చదివాను. నాలుగు మడులకు రేకులు పాతాను. ఉమ్మెత్తకైతే రెండు పాతాను. మందుల మడికి మాత్రం నా వల్ల కాదు. పేరు బయటపెడితే మందు పని చేయదని పసిపిల్లలకు కూడా తెలుసు. తమరికి తెలియకపోవడమే వింత.

ప్రతి ఆదివారం కామెర్ల వాళ్లు మర్కూక్ నుంచి, ములుగు నుంచి వచ్చి నా వాకిట్లో కూర్చుంటారు. పసరు పోస్తాను, పైసా ముట్టను. మా నాయిన పోయేముందు మందు పేరు నా చెవిలో చెప్పి, "బిడ్డా, పేరు బయట వెట్టినవా, మందు సచ్చిపోతది. గాళ్ల పాణం నీ మెడకు సుట్టుకుంటది" అన్నాడు. నేనెట్లా రాయిస్తాను దొరా?

తమరి నౌకరు,
ఇస్తారి

తా.క.: నా భార్య బుచ్చవ్వకు కూడా చెప్పలేదు. ఆకు నూరేది ఆమే. నూరినంత సేపూ కళ్లకు గంత కడతాను.


హైదరాబాదు, 11 జూలై

ఇస్తారీ, ఆశీర్వాదాలు తర్వాత.

నీ ఉత్తరం చూసి అదిరిపడ్డాను. చేతిలో చాయ్ ఒలికి నక్షా తడిసింది. పేర్లు దాచే చదువుల తోట ఎక్కడైనా ఉందా? సాహెబు "ఇదేం మొక్క?" అంటే "చెప్పకూడదు హుజూర్" అంటావా? నీకు నోరు రాకపోతే నేనే చెప్తాను, రాసుకో. కామెర్లకు నేల ఉసిరి, జ్వరానికి తిప్పతీగ, దగ్గుకు అడ్డసరం. రేకులు రాయిస్తావో, నౌకరీ వదులుకుంటావో తేల్చుకో.

రాజం

తా.క.: కవరు దొరకక కార్డు మీద రాశాను. భయపడకు, కార్డులు ఎవరు చదువుతారు?


సిద్దిపేట, 15 జూలై

ఇన్‌స్పెక్టరు దొరవారికి, కొనప్రాణంతో ఉన్న ఇస్తారి రాసుకున్నది.

ఎంత పని చేశారు దొరా! మా పోస్టు జవాను జానీ పాషా కార్డు చదవకుండా ఎవరికీ ఇవ్వడు. చదివితే మెల్లగా చదవడు. నడి అంగట్లో నిలబడి "కామెర్లకు నేల ఉసిరి" అని కేక పెట్టాడు. పరుగెత్తి అతని నోరు మూసేసరికి అడ్డసరం దాకా వచ్చేశాడు. ఆడవాళ్లందరూ కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. తమరి అమాయకత్వానికే అయ్యుంటుంది.

రేపు ఆదివారం. చచ్చిన మందును ఏ ముఖంతో పొయ్యను? నా తలుపు తెరవను. మందుల మడిలో రేకులు పాతుతాను గాని, వాటి మీద ఒక్క అక్షరం ఉండదు. తోట తెరిచే రోజు నేను ఊళ్లోనే ఉండను. నౌకరీ తీసేసుకోండి.

ఇస్తారి

తా.క.: జానీ పాషా తమరి మీద చాలా కోపంగా ఉన్నాడు. కార్డులు ఎవరు చదువుతారు అన్నందుకు.


హైదరాబాదు, 31 జూలై

ఇస్తారి గారికి రాజం నమస్కరించి రాస్తున్నది.

నేనింకా తేరుకోలేదు. సాహెబు మందుల మడి దగ్గర ఆగి, ఖాళీ రేకులు చూసి, "ఇదేమిటి?" అన్నారు. ఇంతలో గుంపులోంచి మర్కూక్ అంజవ్వట, ఒక ముసలామె, "గిది నేల ఉసిరి సాబ్, కామెర్లకు. గాడున్నది తిప్పతీగ" అంది. మైమూనా అనే ఆమె పథ్యం చెప్పింది. అడ్డసరం దగ్గర నలుగురు ఒకేసారి చెప్పారు. రేకుల మీద రాయకుండానే ఊరికంతా నేర్పారని సాహెబు నా భుజం తట్టారు.

ఇన్ని తెలిసి ఇస్తారి దగ్గరికి ఎందుకు పోతారని అంజవ్వను అడిగాను. నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

"పేరు మా అవ్వలనాటి సంది ఎర్కే. రెండు ఐతారాల సంది ఆయన తలుపు తీస్తలేడు. నేనే నూరి పోస్తున్న, మా కోడలికి కామెర్లు తక్కువైతలేవు. మందు ఆకుల ఉంటదా అయ్యా? ఆయన చేతుల ఉంటది. మాకు ఎర్కని మాత్రం ఆయనకు చెప్పకు, మనసు నొచ్చుకుంటడు."

చెప్పొద్దన్నా చెప్తున్నాను. మందు చావలేదు. నౌకరీ కూడా పోలేదు. వెంటనే తలుపు తియ్యండి, ఆ కోడలు ఎదురుచూస్తోంది.

భవదీయుడు,
రాజం

తా.క.: నాలుగు రోజులుగా నా కళ్లు పచ్చబడ్డాయి. మా పెరడంతా నేల ఉసిరే. అయినా ఆదివారం మొదటి బస్సుకు వస్తున్నాను, మీ వాకిట్లో నాకింత జాగ ఉంచండి.