మూడు రోజుల దారి, ముప్పావు గంట విమానం

చి.సౌ. అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. రాత్రంతా కురిసిన వాన తెల్లారేసరికి వెలిసింది. రన్‌వే మీద నిలిచిన నీళ్లు తోసి, అంచుల్లో గడ్డి కోసి ఇప్పుడే షెడ్డులో కూర్చున్నాను. ఇక్కడ నేను క్షేమం. అందరం క్షేమం అని రాద్దామంటే ఆ అందరూ నీ దగ్గరే ఉన్నారు.

గాలివానకు ఫోన్లు పోయాక మీ కబురు తెలియక వారమంతా తిండి సహించలేదు. ఈ ఉదయం పైలట్ నీ ఉత్తరం తెచ్చి ఇచ్చాడు. అమ్మ చేరిన మర్నాడే ఆడపిల్ల పుట్టిందని, తల్లీబిడ్డా కులాసా అని చదివి, చీపురు చేత్తో పట్టుకునే రన్‌వే చివరిదాకా పోయి వచ్చాను. ఎందుకు పోయానో తెలియదు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. రోడ్డు మీదా పడవ మీదా మూడు రోజులు పట్టే మీ ఊరు, గాలిలో గీత గీసినట్టు పోతే రెండు వందల కిలోమీటర్లే. ముప్పావు గంట అన్న మాట నిజమే. అమ్మకు గంట దాటిందంటే ఆ రోజు ఎదురుగాలి. ఆవిడ మాత్రం ఇప్పటికీ నమ్మి ఉండదు. "మూడు రోజుల దారి ముప్పావు గంటలో ఎలా తరుగుతుందయ్యా? మధ్యలో ఊళ్లన్నీ ఏమైపోతాయి?" అని బయలుదేరేదాకా నా బుర్ర తినేసింది.

నేనెందుకు రాలేదన్నావు. రన్‌వే మీదికి గేదెలు వచ్చాయని, వాటిని తోలడానికి ఆగిపోయానని అమ్మ చెప్పి ఉంటుంది. గేదెలేవీ రాలేదు.

ఇది చిన్న విమానం. మూటలతో పాటు మనుషుల్నీ కాటా మీద తూస్తారు. బరువు చూసి పైలట్‌కు వినబడేలా కేకేసేది నేనే. సీటు రాయించేటప్పుడే బరువు ముందుగా చెప్పాలి. మీ అమ్మనడిగితే "పెళ్లినాడు ఎంతో ఇప్పుడూ అంతే" అంది. కాదనే ధైర్యం లేక అదే రాయించాను.

తీరా కాటా దగ్గర అడ్డం తిరిగింది.

"నలుగురిలో నా బరువు అరిచావంటే నడిచే పోతాను."

"అరవను లేవే. ఎక్కు."

"ఒట్టు?"

"ఒట్టే. చెప్పులు విప్పినంత మాత్రాన తగ్గేదేం లేదు, ఎక్కు తల్లీ."

ముల్లు చూశాను. అరవలేదు. పైలట్ చెవిలో ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన అప్పటికే ఎక్కి కూర్చున్న పశువుల డాక్టరుతో కలిపి లెక్క వేసుకుని, "బరువు మించింది పెద్దాయనా. మీ ఇద్దరిలో ఒక్కరే" అన్నాడు. నువ్వేమో నెలలు నిండి ఉన్నావు. నేనొచ్చి పురుడు పోస్తానా? కొత్త చొక్కాతో వెనక్కి తిరిగాను. తన బరువు వల్లే నేను ఆగానని తెలిస్తే మీ అమ్మ ఎక్కేది కాదు. ఎక్కకపోతే మళ్లీ మంగళవారం దాకా విమానం లేదు. అందుకని గేదెలను పుట్టించాను.

ఈ మాట నీ కడుపులోనే పెట్టుకో. ఇప్పుడక్కడ చోటుంది కదా. నాకు వచ్చే వారానికి సీటు రాయించాను. పాపకు నా పోలిక రాలేదని రాశావు, మంచిదే.

ఆ రోజు విమానం తలుపు వేసేదాకా మీ అమ్మ "గేదెలెక్కడయ్యా, ఒక్కటీ కనబడదేం?" అని అరుస్తూనే ఉంది. నేను ఖాళీ మైదానంలో కర్ర తిప్పుకుంటూ, హెయ్ హెయ్ అంటూ పరిగెత్తాను. తొమ్మిది దాటి పది నిమిషాలకు విమానం లేచింది. పైలట్, పశువుల డాక్టరు, మీ అమ్మ వెళ్లారు.

ఇట్లు,
ఈ ఉదయమే తాతనైన
మీ నాన్న