నీలావతి కొంగు మీద కోళ్ళు

1959 ఆగస్టు 9, ఆదివారం. ధర్మవరం.

మా నీలావతి కడుపుతో ఉంది! నాలుగో నెల! పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు!

పొద్దున బండికి అల్లుడు గంగాధర హిందూపురం నుంచి బెల్లం అచ్చు చంకన పెట్టుకొని దిగాడు. మండీలో గుమాస్తా. బెల్లంపాకం లాగే మాటను సాగదీస్తాడు. "మామా... అదీ... మీ బిడ్డ..." అని గుటకలు మింగుతుంటే నా ప్రాణం పోయింది. చెప్పాక ఎగిరాను. ఈ వయసులో ఎగిరితే దూలం తగిలింది. తగలనీ! మగ్గం గుంటలోకి దిగాను, మళ్ళీ ఎక్కాను. ఎందుకో తెలియదు!

నీలావతి ఒకటే కబురు పంపింది. "ఏడో నెల శ్రీమంతానికి నాయన చేత్తో నేసిన చీరే కడతా. అయితే రుద్రాక్షలొద్దు, చారలొద్దు. ఇంతవరకూ ఎవురూ కట్టంది కావల్ల."

నేను పుట్టి బుద్ధెరిగాక నేసిన చీరలన్నిటికీ అంచున రుద్రాక్షలు, కొంగున చారలు. బాగున్నదాన్ని మార్చడమెందుకని ఇన్నాళ్ళూ మార్చలేదు.

నా ఇల్లాలు రత్నమ్మ మూతి విరిచింది. "నువ్వు మార్చలేవులే. ఎవురి పని చూసినా ఎక్కిరిస్తావు. ఎక్కిరించే కంటికి కొత్తది యాడ కనపడతాది?"

అట్లాగా! మండీవాళ్ళు పంచిన ఈ డైరీ జనవరి నుంచి ఖాళీగా పడి ఉంది. ఇందులోనే రాస్తున్నాను. నేటి నుంచి:

ఒకటి. రోజూ ఎవరో ఒకరి చేతిపని చూసి, ఒక కొత్త బొమ్మ గీసుకోవాలి.

రెండు. ఎవరి పనినీ ఎగతాళి చేయరాదు.

శ్రీమంతం నాటికి లోకంలోనే లేని చీర!

ఆగస్టు 10.

తెల్లవారకముందే లేచి వీధి ముగ్గులన్నీ చూశాను. మా రత్నమ్మ ముగ్గు బాగుంది (పక్కనే నిలబడి ఉంది). ఎదురింటి లక్ష్మీదేవమ్మ తామరపువ్వు వేసిందట. తామరా! సజ్జరొట్టె కింద పడి విరిగినట్టుంది. అయితే నోటితో అనలేదు. మనసులో అనుకున్నది లెక్కలోకి రాదు.

"ఏం మామా, అంతసేపు చూస్తాండావు?" అంది.

"బాగుండాది తల్లీ" అన్నాను. ఆ ఒక్క మాటకు చెమట పట్టింది.

గీసిన బొమ్మ: ఒకటి. నిర్ణయం బ్రహ్మాండంగా నడుస్తోంది!

ఆగస్టు 14. పెనుకొండ.

ఇక్కడి కుమ్మరి పోతులయ్య కుండ మెడ చుట్టూ పుల్లతో అలలు గీస్తాడని విని బండెక్కి వచ్చాను. చూశాను. అలలా అవి! వాన నీళ్ళలో వానపాము పోయినట్టుంది.

"కుండ తిరుగుతాంటే నీకు కండ్లు తిరుగుతాండాయా ఏమి?" అన్నాను. ఇది ఎగతాళి కాదు, ఉన్న మాట.

"ఏమప్పా, కుండ కొనేకి వచ్చినావా, వంక పెట్టేకి వచ్చినావా?"

"బొమ్మ నేర్చుకునేకి వచ్చినా."

"నేర్చుకునేవానికి కండ్లుండల్ల. నీకు ఉత్త నోరుండాది."

గర్వం మనిషి! పాత సత్రం తలుపు మీద చెక్కిన హంసలు గీసుకుందామని కూర్చున్నాను. వాటికి అంతంత మెడలెందుకు? బావిలో నీళ్ళు తోడేదానికా? గీయలేదు.

బండి ఆలస్యం. బొమ్మలు: సున్న. రేపు రెండు గీస్తాను.

ఆగస్టు 23. హిందూపురం.

బిడ్డను చూశాను! ముఖం నిండా వెలుగు! కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి, దుమ్ము పడిందన్నాను. సంతలో రంగు పెన్సిళ్ళ పెట్టె కొన్నాను. పన్నెండు రంగులు! ఇక చూస్కోండి!

నీలావతి అల్లిన పూసల తోరణం గుమ్మానికి కట్టి ఉంది. చిలకలు. నేను నోరు తెరిచేలోపే, "నాయనా, ఏమన్నా అన్నావంటే అన్నం పెట్టను" అంది. అన్నం తిన్నాను. తిన్నాక, "కాకులు బాగుండాయి తల్లీ" అన్నాను.

నవ్వింది. నవ్వి, మెల్లగా అంది. "ముందరిసారి నిలవలేదు గదా, ఈసారన్నా నిలుస్తాదో లేదోనని అందురూ నన్ను గాజుబుడ్డిని చూసినట్ల చూస్తాండారు నాయనా. ఆ పొద్దు కట్టుకొని కూర్చున్నంతసేపు నాకు భయం మరిచిపోయే చీర కావల్ల."

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో పన్నెండు పెన్సిళ్ళనూ ఒక్కొక్కటిగా చెక్కాను.

సెప్టెంబరు 9.

ఇన్ని రోజులు రాయకపోవడానికి కారణాలు:

వాన. వినాయక చవితి. పన్నెండు పెన్సిళ్ళలో ఎర్రది, పచ్చది విరిగాయి. మోకాలు నొప్పి. కంటికి ఎండ పడలేదు. తరువాత నీడ పడలేదు.

చవితికి వీధిలో మట్టి వినాయకులు చూశాను. ఒకదానికి తొండం పొట్లకాయలా ఉంది. ఇది దేవుణ్ణి అనడం కాదు, చేసినవాణ్ణి అనడం. చేసినవాణ్ణి కూడా అనడం కాదు. ఊరికే రాశాను.

సెప్టెంబరు 21.

నా బావమరిది చెన్నప్ప మగ్గం మీద కొత్త మిషను బిగించాడు. అట్టలకు చిల్లులు పొడిచి పైన వేలాడదీస్తే బొమ్మ దానంతటదే వస్తుందట. ఊరందరినీ పిలిచి చూపిస్తున్నాడు, తానే కన్నట్టు.

"ఏం బావా, మామిడిపిందెలు ఎట్లుండాయి?"

"ఊరగాయ పెట్టేకి బాగుండాయి."

"నువ్వూ ఒకటి బిగించరాదా? ఎంతకాలమని ఆ రుద్రాక్షలు? చీర నేస్తాండావా, జపం చేస్తాండావా?"

అందరూ నవ్వారు. రెండో నియమం ఉందని గుర్తు తెచ్చుకొని ఏమీ అనకుండా వచ్చేశాను. అంటే, వీధి మలుపు దాకా అనలేదు. ఆ తరువాత అన్నవి ఇక్కడ రాయను.

అక్టోబరు 6.

ముహూర్తం పెట్టారు. నవంబరు 11, బుధవారం.

చీరకు పసుపు ఒళ్ళు, కుంకుమరంగు కొంగు. పడుగు ఎక్కించాను. కొత్త బొమ్మ మాత్రం లేదు. సొంతంగా మామిడిపిందె గీశాను. తోక బాగా లేదని చెరిపాను. కొన కొంచెం లావని తగ్గించాను. చివరికి చూసుకుంటే గుండ్రంగా రుద్రాక్ష! మొగలిపువ్వు గీశాను. అదీ రుద్రాక్షే! నా వేళ్ళకు మరొకటి రాదు.

డైరీ మూస్తున్నాను. అంచు సాదాగా వదిలి, కొంగుకు చారలే వేస్తాను. నీలావతికి ఏదో ఒకటి చెప్పుకుంటాను. మామిడిపిందె ఎవరి పెళ్ళిలో లేదు? హంస ఏ తలుపు మీద లేదు? లోకంలో కొత్తదంటూ లేనే లేదు, అంతా వెధవ గీతలు!

అక్టోబరు 21.

డైరీ మళ్ళీ తెరిచాను. తెరవక తప్పలేదు.

బుక్కపట్నం నుంచి రామక్క వచ్చింది. ఇంటింటికీ తిరిగి పాత గుడ్డలతో బొంతలు కుట్టే మనిషి. పుట్టబోయే బిడ్డకు చిన్న బొంత కుట్టమని రత్నమ్మే పిలిచిందట. మా అరుగు మీద కాళ్ళు చాపుకొని, తెల్లగుడ్డ మీద ఎర్రదారంతో ఏదో కుడుతోంది. వెళ్ళి చూశాను.

"ఇదేంది రామక్కా, చెంబుకు కాళ్ళొచ్చినాయా?"

ఆమె తల కూడా ఎత్తలేదు. "కోడిలేప్పా."

"ఇది కోడా!"

"నీకు చెంబైతే చెంబే అనుకో. ఎనకాల పిల్లలు పోతాండాయి గదా, వాటికి తెలుసులే అమ్మ ఎవురో."

వంగి మళ్ళీ చూశాను. నాలుగు చుక్కలకు రెండేసి కాళ్ళు. అయినా పిల్లలే. తల్లి మెడ వంచి వెనక్కి చూస్తోంది, అన్నీ వస్తున్నాయా అని. ఇంత చిన్న గీతలో ఆ చూపు ఎట్లా పెట్టింది ఈ మనిషి!

"రామక్కా, ఇంకోసారి కుట్టు, చూస్తా" అన్నాను.

రత్నమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది, జ్వరమేమోనని.

నవంబరు 2.

అయిపోయింది! అయిపోయింది! అయిపోయింది!

మా మగ్గం మీద చీరంతా నేశాక కొంగు చివరన వస్తుంది. పోగులు ఎంచుకుంటూ, జరీ చుట్టిన చిన్న కండెలను చేత్తో దూరుస్తూ, కోడి తరువాత కోడి. వెనక నాలుగేసి పిల్లలు. అన్నీ నా ఎదుట తల ఎత్తి నిలబడితే, గుంటలో కూర్చొని వాటితో మాట్లాడాను. చెన్నప్ప మిషను వంద అట్టలు వేసినా ఈ చూపు రాదు. వీధిలో ప్రతి ఒక్కరినీ మెచ్చుకున్నాను. లక్ష్మీదేవమ్మ ముగ్గును కూడా!

నవంబరు 3.

చచ్చాను.

చీర మగ్గం నుంచి కోశాను. చెన్నప్ప చూడటానికి వచ్చాడు. రత్నమ్మ భుజం మీద వేసుకొని కొంగు వీపు వెనక జారవిడిచింది. వాడు పడీపడీ నవ్వాడు.

"బావా! సంతలో కాళ్ళు కట్టి ఏలాడదీసిన కోళ్ళ మాదిరి ఉండాయే!"

నిజమే. అన్నీ తలకిందులు. గుంటలో కూర్చున్న నాకు ఎదురుగా నిలబడ్డవి, కొంగు భుజం నుంచి వేలాడేసరికి తల నేలకు పెట్టాయి. జీవితమంతా చారలు, రుద్రాక్షలు నేసినవాణ్ణి! రుద్రాక్షకు తల ఏది, కాళ్ళేవి? ఎటు తిప్పినా ఒకటే. ఆ ఆలోచనే రాలేదు.

రత్నమ్మ ముఖం పాలిపోయింది. "కడుపుతో ఉండే బిడ్డకు తలకిందుల బొమ్మలా! అశుభం గదయ్యా."

ఇంకొకటి నేసేందుకు రోజులు లేవు. చెన్నప్ప నవ్వు ఆపి, "పోనీలే అక్కా, నా మిషను చీర ఒకటి తీసుకపోండి" అన్నాడు. వాడు జాలిపడటం కంటే ఎగతాళే నయం.

నవంబరు 11. హిందూపురం.

రెండు చీరలూ పళ్ళెంలో పెట్టి ఇచ్చాం. వియ్యపురాలు నాగరత్నమ్మ నా చీర విప్పి, ముఖం చిట్లించి, చెన్నప్ప చీర మీద చెయ్యి వేసింది. నేను స్తంభం వెనక్కి జరిగాను.

నీలావతి మాత్రం, "నాయన నేసిందే" అంది. ఇంక ఎవరి మాటా వినలేదు.

పీట మీద కూర్చోబెట్టారు. ఒడి నింపేందుకు కొంగు ముందుకు లాగి, చివర మోకాళ్ళ వైపు వచ్చేటట్టు ఒళ్ళో పరిచారు. ముత్తైదువలు దోసిళ్ళతో బియ్యం పోస్తున్నారు. అందరి ముఖాల్లో అదే గాజుబుడ్డిని చూసే చూపు. నీలావతి తల వంచి ఒడిలోకి చూసింది. చూస్తూ ఉండిపోయింది. హఠాత్తుగా పకపకా నవ్వింది.

"నాయనా, యాడుండావు? ఈడికి రా. నా పక్కన కూర్చొని చూడు!"

వెళ్ళి కూర్చున్నాను. ఆమె కూర్చున్న చోటి నుంచి చూస్తే కోళ్ళన్నీ నిటారుగా నిలబడి ఉన్నాయి! తల పైకి, కాళ్ళు మా వైపు. వెనక పిల్లలు. వాటి మధ్య ఒడి బియ్యం గింజలు, మేతకు చల్లినట్టు!

"ఎదురుగా ఉండే వాళ్ళకే తలకిందులు. నాకు సరిగ్గా ఉండాయి. కట్టుకునేది నేనే గదా!" అంది నా బిడ్డ. నవ్వుతూనే ఉంది. భయం ఆ ముఖంలో ఎక్కడా లేదు.

నాగరత్నమ్మ వంగి, తల తిప్పి, వచ్చి నీలావతి వెనక నిలబడి చూసింది. "అంటే... తల్లికి కనపడల్లనే ఇట్ల నేసినావా అన్నా?"

"మరి! లేకపోతే!" అన్నాను.

వెనక చెన్నప్ప దగ్గాడు. దగ్గనీ.

నవంబరు 12.

నిన్న ఇద్దరు ఆడవాళ్ళు తమకూ కోళ్ళ కొంగు కావాలన్నారు. వేయను. అవి నీలావతివి. బిడ్డను తొట్లెలో వేసే పండగకు మరో కొత్త చీర నేస్తాను. అందుచేత నేటి నుంచి మళ్ళీ: రోజూ ఒకరి చేతిపని చూసి ఒక బొమ్మ. ఎగతాళి చేయరాదు. ఈసారి గట్టిగా!

రైల్లో ఎదుటి సీటులో కూర్చున్న ఒకామె ఒడిలో వెదురుబుట్ట ఉంది. అల్లిక ఒక పక్కకు వాలి, తాగినవాడు నడి... లేదు. బాగుంది. బాగుందనే రాస్తున్నాను.

నీలావతి బాగుందనీ, ఒడి నిండిందనీ, కోళ్ళను నేను కావాలనే అట్లా నేశాననీ వెంటనే చెప్పవలసినవారు:

చిలమత్తూరు అక్క కుళ్ళాయమ్మ. చెవుడు, గట్టిగా చెప్పాలి. వీధికి వినపడినా మంచిదే.

గుడిబండ తమ్ముడు బాలప్ప. నమ్మడు. రెండుసార్లు చెప్పాలి.

గుడిబండ పిన్నమ్మ. చెప్పకపోతే పదేళ్ళు దెప్పుతుంది.

బుక్కపట్నం రామక్క. చుట్టం కాదు. నిన్నటి నుంచి చుట్టమే. చెంబు కోడేనని చెప్పాలి.

పెనుకొండ పోతులయ్య. చుట్టం అసలే కాదు. అయినా చెప్పాలి, కళ్ళు వచ్చాయని.

చెన్నప్ప. అక్కడే ఉన్నాడు, అంతా కళ్ళారా చూశాడు. వాడికి మొదట చెప్పాలి.