ఎడమవైపు స్పీకర్

ఇంటి నుంచి,
జూలై 9, ఆదివారం

చెల్లాయి పిచ్చుకకు,

అన్నయ్య దీవిస్తూ రాసేది. ఇక్కడ మీ వదినా నేనూ రోజులు నెట్టుకొస్తున్నాం. అక్కడ నువ్వూ, బావగారూ, పిల్లలూ చల్లగా ఉండాలని మా కోరిక.

కవరు మీద నా చేతిరాత చూసి ఎవరికో ఏదో అయిందని కంగారుపడి ఉంటావు. ఎవరికీ ఏమీ కాలేదు. నాన్న పోయాక మనిద్దరం ఒక ఉత్తరం ముక్క రాసుకున్నది లేదు. పోట్లాడుకున్నామా అంటే అదీ లేదు. ఎవరి సంసారంలో వాళ్ళం పడిపోయాం, అంతే. పోట్లాడుకుని ఉంటే కనీసం రాజీపడటానికైనా ఒకరికొకరం రాసుకునేవాళ్ళమేమో.

సంగతేమిటంటే, నాన్న స్టీరియో. ఇంట్లో సామాన్లు పంచుకున్నప్పుడు ఆ పెట్టె నాకొచ్చింది, రికార్డులు నీకెళ్ళాయి. "ఇదేం పంపకమండీ, ఒకరికి తాళం, ఒకరికి తాళంచెవి" అని మీ వదిన అప్పుడే అంది. అప్పటినుంచీ అది మా ముందు గదిలో గుడ్డ కప్పుకుని కూర్చుంది. దాని మీద మీ వదిన ఇస్త్రీ బట్టలు పేర్చేది.

ఈ మధ్య నాకు సాయంత్రాలు ఖాళీ. డిపోలో నన్ను ఇంజన్ల సెక్షన్ నుంచి స్టోర్స్‌లోకి మార్చారు. అడిగినవాళ్ళకి నట్లూ బోల్టులూ తీసి ఇవ్వడమే పని. కొత్త సూపర్‌వైజర్‌కి నా పొడ గిట్టదు. బస్సు గేటు దాటుతుండగానే దాని రోగమేమిటో చెప్పేవాణ్ణి. ఇప్పుడు చేతికి గ్రీజు అంటకుండా ఇంటికొస్తున్నాను. సబ్బు మిగులుతోందంటుంది మీ వదిన. నన్ను నవ్విద్దామనే అంటుంది పాపం.

ఊరికే గోడలు చూస్తూ కూర్చోలేక ఓ సాయంత్రం ఆ ఇస్త్రీ బట్టలు దించి, గుడ్డ తీసి, ప్లగ్గు పెట్టి మీట నొక్కాను. ఉలుకూ పలుకూ లేదు. దీపం కూడా వెలగలేదు. అదే ప్లగ్గులో టేబుల్ లైటు పెడితే భేషుగ్గా వెలిగింది. అంటే కరెంటుది తప్పు కాదు, పెట్టెదే. వెనక చెక్క విప్పాను. లోపల వేలెడు మందాన దుమ్ము, ఓ మూల ఎలుక పోగేసుకున్న దూది. ఫ్యూజు కాలిపోయి ఉంది. కొత్తది వేసి మీట నొక్కానో లేదో, టప్పుమని అదీ పోయింది. లోపల ఎక్కడో షార్టు అవుతోందన్నమాట.

డిపో ఎలక్ట్రీషియన్ ఒక ఉపాయం చెప్పాడు. ఫ్యూజు ఉండాల్సిన చోట మామూలు బల్బు కలపమన్నాడు. షార్టు ఉన్నంతసేపూ బల్బు భగ్గుమని వెలుగుతుంది, అది పోగానే నీరసపడిపోతుంది. ఈలోగా పెట్టె మాత్రం కాలదు. అలాగే చేసి, లోపలి వైర్లు ఒక్కొక్కటే విడదీసుకుంటూ పోయాను. మీ వదిన టార్చి పట్టుకుని నా భుజం వెనక నిలబడింది. ఏది విడదీసినా బల్బు నన్ను వెక్కిరిస్తున్నట్టు వెలుగుతూనే ఉంది. చివరికి ట్రాన్స్‌ఫార్మర్ పక్కనున్న డయోడు కాలు ఒకటి ఊడదీయగానే ఠక్కున మందగించింది. దొరికాడు దొంగ! మీ వదిన చప్పట్లు కొట్టబోయి టార్చి నా కాలి మీద పడేసింది.

డయోడ్లు మార్చాను. ఉబ్బిపోయిన కెపాసిటర్లు కూడా తీసి కొత్తవి వేశాను. నావి ఇంజన్లకి అలవాటుపడ్డ చేతులు కదా, ఆ సన్నటి కాళ్ళకి టంకం పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టుకోవాల్సి వచ్చింది. అంతా అయ్యాక మీట నొక్కితే, రేడియో అద్దం వెనక ఆ పసుపుపచ్చ దీపం వెలిగింది పిచ్చుకా. నాన్న స్టేషన్లు వెతుక్కుంటూ వంగినప్పుడు ఆయన ముఖం మీద పడేది చూడు, ఆ వెలుగే. ముల్లు తిప్పితే కాసేపు గరగర. తర్వాత ఎవరో ఆవిడ వాతావరణం సంగతులు చదువుతూ, ఇప్పట్లో వాన పడదని చెప్పింది. వాన పడదన్న మాటకి అంతలా సంబరపడ్డవాళ్ళం ఊరు మొత్తం మీద మేమిద్దరమే అయి ఉంటాం.

కానీ అది వచ్చింది కుడివైపు నుంచే. ఎడమవైపు స్పీకర్ మూగది.

ఇక అక్కడినుంచి నా పాట్లు చూడాలి. నాబ్‌లన్నీ స్పిరిట్‌తో కడిగాను. వెనక వైర్లు అటుది ఇటు, ఇటుది అటు మార్చాను. లోపం మిషన్‌లో ఉంటే ఇప్పుడు కుడివైపు మూగబోవాలి కదా? పోలేదు. ఎడమవైపే. అయితే స్పీకర్ చెడిందనుకుని, రెండు డబ్బాలనీ ఒకదాని చోట ఒకటి పెట్టాను. అప్పుడూ ఎడమవైపే! మిషన్ మంచిదే, స్పీకర్లు మంచివే, మరి గది మూల చెడిందా? మీ వదిన్ని పిలిచి, "ఎడమవైపు ఏమైనా వస్తోందా?" అని అడిగాను. "లేదండీ" అంది. రోజూ అడుగుతున్నాను, రోజూ అదే మాట.

ఎలక్ట్రీషియన్ దగ్గర మీటరు తెచ్చి పెట్టాను. ఎడమవైపు తీగల్లోనూ కుడివైపంత కొలతే చూపించింది. అది పాడైందేమోనని ఇంకోటి తెచ్చాను. అదీ అంతే. నేను మీటర్లని నమ్ముకుని బతికినవాణ్ణి కాను, చెవిని నమ్ముకుని బతికాను. ఎక్కడో ఏదో ట్రాన్సిస్టరు వేడెక్కాక చేతులెత్తేస్తోందని నా అనుమానం. మీ ఊళ్ళో పాత రేడియో సామాన్లు అమ్మే వీధి ఉందటగా. ఇక్కడ దొరకడం లేదు. పెట్టె మోడలు వేరే చీటీ మీద రాసి కవరులో పెట్టాను, అది చూపిస్తే వాళ్ళే సరిపడే జత ఇస్తారు.

పాట వినపడుతోందిగా, ఒకవైపు లేకపోతే కొంపేం మునిగిందంటుంది మీ వదిన. సగమే వస్తోంది పిచ్చుకా. నాన్న రోజుల్లో పాడేవాళ్ళు సరిగ్గా గది మధ్యలో నిలబడి పాడినట్టుండేది. చేయి చాపితే తగులుతారనిపించేది. ఇప్పుడు గోడవతల పరాయివాళ్ళు ఎవరో పాడుకుంటున్నట్టుంది. ఎటునుంచి వస్తోందో కూడా పోల్చుకోలేకపోతున్నాను. కాసేపటికి విసుగొచ్చి ఆపేస్తాను. ఆపేశాక ఇల్లు మరీ బోసిగా ఉంటుంది.

ట్రాన్సిస్టర్లు పోస్టులో పంపినా సరే. నువ్వే రికార్డులు పట్టుకుని వస్తే మరీ మంచిది. పిల్లలకి మామయ్య ముద్దులు. బావగారిని అడిగానని చెప్పు.

ఎప్పటికీ నీ
అన్నయ్య

తా.క.

పిచ్చుకా, ఇది మీ వదిన రాస్తున్నది. కవరు అంటించి పోస్టులో వెయ్యమని పొద్దున నా చేతికిచ్చి ఆయన డిపోకి వెళ్ళారు. అంటించే ముందు ఈ నాలుగు ముక్కలూ.

ట్రాన్సిస్టర్లు కొనకు. రెండు స్పీకర్లూ మోగుతున్నాయి. దీపం వెలిగిన మొదటిరోజు నుంచీ మోగుతూనే ఉన్నాయి. చెడింది మీ అన్నయ్య ఎడమ చెవి.

డిపోలో మార్చిందీ అందుకే. ఇంజన్‌లో మోత ఉన్న బస్సుని బాగుందని చెప్పి పంపించేశారట. అది నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఎవరికీ దెబ్బలు తగలకపోవడం అదృష్టం. సూపర్‌వైజర్ ఈయన లేనప్పుడు ఇంటికొచ్చి, "ఆయన ముఖం చూసి నేను అనలేనమ్మా, మీరే డాక్టరుకి చూపించండి" అన్నాడు. నిజానికి మంచివాడు.

ఈయన మొదటిసారి "వస్తోందా?" అని అడిగినప్పుడు నిజం నోటిదాకా వచ్చింది. ఆ ముఖం చూసి "లేదండీ" అనేశాను. ఒకసారి లేదన్నాక మర్నాడు ఉందని ఏ నోటితో చెప్పను?

చెవి డాక్టరమ్మ దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్ళాను. ఒక్క చెవే మెల్లమెల్లగా పోతోందనీ, నడిచేటప్పుడు తూలి గోడ పట్టుకుంటున్నారనీ చెప్పాను. ఆవిడ రాస్తున్న కలం ఆపేసింది. వయసుతో వచ్చే చెవుడైతే ఇలా ఒక్కవైపే రాదు, లోపల గడ్డ లాంటిదేమైనా ఉందేమో తలకి స్కాను తీసి చూడాలి, ఆలస్యం చెయ్యకుండా మనిషిని తీసుకురండి అంది. ఆయన్ని రమ్మనాలంటే ఎందుకో చెప్పాలి. చెబితే ఇన్నాళ్ళూ అబద్ధం ఆడావా అంటారు. అననీ, పడతాను. ఆ తర్వాత ఇంక నాతో పలకరేమోనని నా భయం. ఈ ఇంట్లో ఆయన మాట కూడా ఆగిపోతే నేను ఉండలేను.

నీ మాటంటే ఆయనకి లెక్క. ఈ వారమే రా. రికార్డులు దొరక్కపోతే వదిలెయ్యి, నువ్వు రా.

ఇంకొకటి చెప్పాలి. నిన్న తలుపు దగ్గర నిలబడి చూశాను. రేడియోలో ఎవరో మాట్లాడుతున్నారు. ఆయన ఎడమ స్పీకర్ ముందు కూర్చుని, దాని గుడ్డ మీద అరచెయ్యి ఆనించారు. లోపల అదురుతుంది కదా, చేతికి తెలుస్తుంది. చాలాసేపు చెయ్యి తియ్యలేదు. నన్ను పిలవలేదు, ఏమీ అడగలేదు. తర్వాత లేచి రేడియో ఆపి, బల్ల దగ్గర కూర్చుని, నీకీ ఉత్తరం రాయడం మొదలుపెట్టారు.