గుండ్రటి ఫోటోలో మా గోడ

తాటిపాక,
సోమవారం.

రాజోలు రత్నమాల డిజిటల్ స్టూడియో యజమాని చిట్టిబాబు గారికి,

ప్రసన్నకుమారి వందనములతో రాయునది. ఇక్కడ మేమందరం బాగానే ఉన్నాం, మీరు పంపిన ఫోటోలో తప్ప.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటే, ఫోనులో నేనేం చెప్పినా మీరు "ఆయ్" అంటారు. "ఆయ్ అండీ, అలాగేనండీ, ఆయ్" అని పెట్టేశాక ఏం ఒప్పుకున్నారో మీకూ గుర్తుండదు, నాకూ అంతుపట్టదు. కాగితం మీద ఆయ్ అని రాయడానికి ఎవరికైనా కొంచెం సిగ్గేస్తుంది. జవాబు కూడా కాగితం మీదే ఇవ్వగలరు. దీని నకలు నా దగ్గర ఉంచుకున్నాను.

మా అత్తయ్య జయమ్మగారికి ఎనభై నిండాయని మా వాకిట్లో పెట్టుకున్న కృతజ్ఞత ప్రార్థన కూడికకు మీరు వచ్చారు. హాల్లో గోడకు పెట్టుకోవడానికి పెద్ద గ్రూపు ఫోటో ఒకటి కావాలన్నాం. మీరు నిచ్చెన వేయించుకుని, పైకెక్కి, కెమెరా కిందికి వంచి తీశారు. ఏదో కొత్త పద్ధతి కాబోలు అనుకున్నాను. నిన్న అట్టపెట్టె విప్పి చూసి అక్కడే కూర్చుండిపోయాను.

ఫోటో పళ్ళెంలా గుండ్రంగా ఉంది. చుట్టూ నలుపు. లోపల మావాళ్ళందరి తలలూ గుమ్మడికాయలు, కాళ్ళు అగ్గిపుల్లలు. పాస్టరుగారు బైబిలు పట్టుకుని నూతిలోకి జారిపోతున్నట్టున్నారు. మావారు రాజ్ కుమార్ గారు గాలివానకు వాలిన అరటిచెట్టులా ఉన్నారు. మధ్యలో కుర్చీలో కూర్చున్న అత్తయ్యగారు ఒక చెయ్యి పైకెత్తారు. ఆ చెయ్యి చేటంత ఉంది, దాని వెనక ఆవిడ ముఖం నిమ్మకాయంత. పుట్టినరోజు ఎవరిదని చూసినవాళ్ళు అడిగితే ఆ చేతిదని చెప్పాలి.

అడుగున నిచ్చెన మెట్టు మీద రెండు చెప్పులున్నాయి. ఇంట్లో అందరినీ విచారించాను, అవి మావాళ్ళెవరివీ కావు.

దయచేసి మనుషులు మనుషుల్లా ఉన్న నలుపలకల ఫోటో ఒకటి వెంటనే పంపగలరు.

ఇట్లు,
మీ పనితనం మీద ఇంకా కొంచెం నమ్మకమున్న
ప్రసన్నకుమారి

తా.క.: ఎడమ అంచున మా ప్రహరీ గోడకు ఆవల బోర్లించిన కుండ ఒకటి కనిపిస్తోంది. అలాంటి కుండ అక్కడ లేదు. అదీ మీ కెమెరా తయారుచేసిందేనా?

*

రాజోలు,
బుధవారం.

పూజ్యులైన ప్రసన్నకుమారి అమ్మగారికి,

చిట్టిబాబు నమస్కరించి రాసుకున్న జవాబు.

ఆయ్.

అమ్మగారూ, మీరు కోప్పడడం న్యాయమేనండి. అయితే అది కెమెరా చెడిపోవడం కాదండి. దాన్ని ఫిష్ ఐ జూమ్ లెన్సు అంటారు. చేప కన్ను లాగా ముందుకు ఉబికి ఉంటుందండి. మామూలు లెన్సు ఎదుటున్నదే చూస్తుంది. ఇది ఆ చెవి దగ్గర్నుంచి ఈ చెవి దాకా చూసేస్తుంది. దాని మీద ఉంగరంలాంటిది ఒకటి ఉంటుందండి. ఒక వైపు తిప్పితే ఫోటో నలుపలకలా నిండుగా వస్తుంది గానీ, పక్కలు తెగిపోతాయి. రెండో వైపు తిప్పితే గుండ్రంగా వచ్చి, చుట్టుపక్కలున్నదంతా పడిపోతుంది. దగ్గరున్నది పెద్దగానూ, దూరమున్నది చిన్నగానూ, అంచున ఉన్నది వంకరగానూ వస్తుందండి. చిత్రంగా తియ్యాలనుకునేవాళ్ళు కావాలనే ఇలా తీస్తారు.

నలుపలకల ఫోటో వేరే తియ్యలేదండి. తియ్యకపోవడానికి కారణం ఉంది గానీ, అది రాసే స్వతంత్రం నాకు లేదండి.

ఆ చెప్పులు నావేనండి. లెన్సుకి యజమాని, పరాయివాడు అనే తేడా ఉండదు.

ఇట్లు,
మీ విధేయుడు,
చిట్టిబాబు

తా.క.: అది కుండ కాదండి. మీ మరిది సీమోను గారి తల. గోడకు ఆ పక్క నిలబడి ప్రార్థన వింటున్నారు. ఫోటోలో పడనని ఆయన అనుకుని ఉంటారు. ఆయన పక్కన గోడ మీదుగా గిన్నె అందిస్తున్న గాజుల చెయ్యి కూడా ఉందండి. మీకు నమ్మకం కుదరాలని ఆ ముక్క పెద్దది చేసి ఇందులో పెట్టేను. గిన్నె మీద చెక్కిన పేరు కూడా చక్కగా చదవొచ్చు.

*

తాటిపాక,
గురువారం, వంట మధ్యలో.

చిట్టిబాబు గారికి,

వందనాలు తర్వాత చెప్పుకుందాం.

మీరు పెద్దది చేసి పంపిన ముక్క ఇప్పుడు బియ్యం డబ్బాలో ఉంది. గిన్నె మీద పేరు చదవడానికి నాకు మీ సహాయం అక్కర్లేదు. అది నా పేరు, నా గిన్నె. ఆ చెయ్యి సీమోను భార్య సుస్మితది.

మీకు చెప్పక తప్పదు. మామయ్యగారు పోయాక అన్నదమ్ములిద్దరూ స్థలం పంచుకుని మధ్యలో ఈ గోడ కట్టించారు. గోడ నా వైపు జరిగిందంటే నా వైపు జరిగిందని మాటామాటా అనుకున్నారు. ఆనాటి నుంచి పలకరింపులు లేవు. తమ్ముడున్న ఫోటోలో అన్న ఉండడు, అన్న ఉన్న వాకిట్లోకి తమ్ముడు రాడు. కూడికకు పిలిస్తే, "గోడకి ఇవతల నుంచి వింటాను, దేవుడికి గోడ అడ్డు కాదు కదా" అని కబురు పంపాడు. ఇద్దరి భార్యలం మాత్రం ఈ గోడ మీదుగా కూరలు మార్చుకుంటున్నాం. నా పీతల పులుసు అటు వెళుతుంది, సుస్మిత రొయ్యల వేపుడు ఇటు వస్తుంది. "నీలా రొయ్యల వేపుడు చెయ్యడం ఎవరికీ రాదు" అని మావారు ఎన్నిసార్లు మెచ్చుకున్నారో. నేను తలొంచుకుని వడ్డిస్తూ వచ్చాను. ఇప్పుడు మా అందరి గుట్టూ మీ చేప కంట్లో పడింది.

అంతకంటే పెద్ద ఉపద్రవం వచ్చిపడింది. మావారు ఇందాక ఫోటో చేతిలోకి తీసుకున్నారు. గిన్నె ఎక్కడ కంటబడుతుందోనని చూస్తున్నాను. ఆయన గిన్నె చూడలేదు, తమ్ముడి తల చూడలేదు. గోడ చూశారు. మీ ఫోటోలో మా గోడ విల్లులా వంగి, రెండు కొనలూ మా వాకిట్లోకి వచ్చేశాయి. "చూసేవా, నేను ఇన్నాళ్ళూ అన్నదే నిజం. పై నుంచి తీస్తే గానీ బయటపడలేదు" అన్నారు. సర్వేయరును పిలుస్తారట. తర్వాత కోర్టట. అత్తయ్యగారు ఆ పక్కనే కూర్చుని బఠాణీలు ఒలుస్తూనే ఉన్నారు. ఈ వయసులో ఆవిడ ఇద్దరు కొడుకులనూ కోర్టు మెట్ల మీద చూడాలా? మీరే చెప్పండి.

గోడ తిన్నగానే ఉందని, వంకర మీ లెన్సుదని మీ స్టూడియో కాగితం మీద రాసి, ముద్ర వేసి, వెంటనే పంపండి.

ఇట్లు,
నిద్ర లేని
ప్రసన్నకుమారి

తా.క.: ఈ ఫోటో నకలు ఎట్టి పరిస్థితుల్లోనూ సీమోనుకు ఇవ్వకండి. ఇక్కడ ఆయ్ అనండి.

*

రాజోలు,
శనివారం.

ప్రసన్నకుమారి అమ్మగారికి,

చిట్టిబాబు చేతులు జోడించి రాయునది.

ఆయ్. కానీ మీ ఉత్తరం ఈ రోజు అందిందండి. సీమోను గారు నిన్ననే వచ్చేరు.

"మా అమ్మ ఫోటో ఒకటి నాకూ ఇవ్వు బాబూ, చిన్నదైనా పర్లేదు" అన్నారండి. తల్లి ఫోటో కొడుక్కి ఇవ్వనని ఎలా అంటాను? ఇచ్చేను. ముందు అమ్మగారి ముఖం మీద వేలితో తడిమేరు. తర్వాత వేలు గోడ మీదికి పోయింది. అక్కడ ఆగిపోయిందండి. "గోడ మధ్యభాగం నా వాకిట్లోకి పొట్టలా తోసుకొచ్చింది. అన్నయ్య చేసిన పని ఇదా" అని బండెక్కి వెళ్ళిపోయేరు. వెనకాల పరిగెత్తి, అది లెన్సు వల్లనండీ అని అరిచేను. ఆయన హెల్మెట్ పెట్టేసుకున్నారు.

అంటే అమ్మగారూ, ఒకే గోడ, ఒకే వంపు. కొనలు చూస్తే మీకు నష్టం, మధ్య చూస్తే వాళ్ళకి నష్టం. ఇంత న్యాయంగా ఇద్దరికీ అన్యాయం చేసిన ఫోటో నా చేతి మీద ఇదే మొదటిదండి.

మీరడిగిన పత్రం జతపరిచేను: "తాటిపాకలో శ్రీ రాజ్ కుమార్ గారికీ, శ్రీ సీమోను గారికీ మధ్య గల గోడ తిన్నగా ఉన్నది. నా లెన్సు వంకర. ఇది నా సొంత బుద్ధితో రాసినది." నమ్మకపోతే గోడ ఫోటోకి సరిగ్గా నడిమధ్యకి వచ్చేలా అదే లెన్సుతో మళ్ళీ తీస్తాను. నడిమధ్యగా పోయే గీత వంగదండి. అంచుకి పోయిందే వంగుతుంది.

ఇట్లు,
మీ క్షమకు ఎదురుచూస్తూ,
చిట్టిబాబు

తా.క.: పత్రం మీద వేసిన స్టూడియో ముద్ర కూడా గుండ్రంగానే ఉంది. దాని మీద అనుమానం పెట్టుకోకండి.

*

తాటిపాక,
మంగళవారం.

చిట్టిబాబు గారికి,

వందనాలు. కూర్చుని చదవండి. నాకే ఇంకా ఆశ్చర్యం తగ్గలేదు.

మీ పత్రం నిన్న మధ్యాహ్నం అందింది. అప్పటికే ఆలస్యమైపోయింది. ఆదివారం ప్రార్థన అయి ఇంటికి రాగానే మావారు మేస్త్రీ దారం ఉండ పట్టుకుని గోడ దగ్గరికి నడిచారు. గోడ పైన ఈ చివర నుంచి ఆ చివరకు దారం లాగితే వంకర తేలిపోతుందట. చూస్తే అవతల సీమోను కూడా దారం ఉండతో తయారుగా ఉన్నాడు.

దారం లాగాలంటే రెండో కొన ఎవరో పట్టుకోవాలి. మావారు నన్ను పిలిచారు. చేతికి పిండి అంటుకుందన్నాను. అవతల సుస్మితకూ సరిగ్గా అప్పుడే పిండి అంటుకుంది. ఈయన కొనకు రాయి కట్టారు, జారిపోయింది. సీమోను మేకు కొట్టాడు, ఊడిపోయింది. చాలాసేపు ఇద్దరూ గోడకు చెరో వైపు ఎండలో నిలబడ్డారు.

"ఆ కొన కాస్త పట్టుకుంటే బాగుణ్ణు" అన్నారు మావారు, గోడతో చెబుతున్నట్టు.

"ఎవరితోనండీ ఆ మాట?" అన్నాడు సీమోను.

"కొన ఎవరి చేతికి దగ్గరగా ఉంటే వాళ్ళతో."

సీమోను పట్టుకున్నాడు. ఇద్దరూ లాగారు. దారం ఈ చివర నుంచి ఆ చివర దాకా గోడను ఆనుకునే ఉంది. వెంట్రుకంత ఎడం కూడా లేదు.

"సరిగ్గా లాగేవా?"

"నేను లాగే ఉన్నాను. నీ చెయ్యే వణుకుతోందన్నయ్యా."

"వయసొచ్చింది కదరా."

గోడ తిన్నగానే ఉందని తేలిపోయింది. దారం మాత్రం ఇద్దరూ వదల్లేదు. ఇంతలో సీమోను, "వదినా, ఆ పులుసు ఉంటే కాస్త ఇటు పంపు, ఈ వారం రాలేదు" అనేశాడు. మావారు నా వైపు చూశారు. సీమోను వెంట తెచ్చుకున్న ఫోటో అందుకుని కళ్ళజోడు సర్దుకుని గిన్నె చూశారు. అప్పుడు అన్నీ బయటపడ్డాయి, రొయ్యల వేపుడుతో సహా. నన్నేమీ అనలేదు గానీ, సుస్మిత వైపు తిరిగి, "ఇన్నాళ్ళూ మెప్పు తప్పు చిరునామాకి పంపేనమ్మా" అన్నారు.

ఇప్పుడు అన్నదమ్ములిద్దరూ ఒకే మాట మీద ఉన్నారు. తప్పంతా మీదేనట. ఒకే బండి మీద మీ స్టూడియోకు వచ్చి నాలుగూ అడిగేస్తారట. భయపడకండి. వాళ్ళు కలిసి ఒకరిని తిట్టడానికి వెళ్ళడం చూస్తే నాకు కళ్ళు చెమర్చాయి.

ఒక్క సంగతి మాత్రం నాకు కొరుకుడుపడటం లేదు. నలుపలకల ఫోటో తీయకపోవడానికి కారణం ఉంది, రాసే స్వతంత్రం లేదన్నారు. ఇప్పుడు రాయండి.

ఇట్లు,
గిన్నె తిరిగి దక్కిన
ప్రసన్నకుమారి

తా.క.: ఆ గుండ్రటి ఫోటో ఇప్పుడు హాల్లో వేలాడుతోంది. అత్తయ్యగారే పెట్టించారు. మేకు కొట్టబోతే అక్కడ ముందే ఒక మేకు ఉంది. మీ ఫోటో రాక ముందే, కూడికకు ముందే కొట్టించారట. అడిగితే బఠాణీలు ఒలుస్తున్నారు.

*

రాజోలు,
గురువారం.

ప్రసన్నకుమారి అమ్మగారికి,

చిట్టిబాబు సంతోషంతో రాయునది.

అయ్యగార్లిద్దరూ వచ్చేరండి. బాగా తిట్టేరు. పెద్దాయన ఒక మాట మర్చిపోతే చిన్నాయన అందించేరు. టీ తెప్పించేను, తాగి మళ్ళీ తిట్టేరు. వెళ్ళేటప్పుడు ఆ లెన్సు చూపించమని, వంతులేసుకుని ఒకరినొకరు దాంట్లోంచి చూసుకుని నవ్వుకున్నారండి.

ఇక మీరడిగిన సంగతి. నిన్న జయమ్మగారికి ఫోన్ చేసి అడిగితే "ఇప్పుడు చెప్పెయ్" అన్నారు కాబట్టి రాస్తున్నాను. కూడికకు ముందు జయమ్మగారు కళ్ళ డాక్టరు దగ్గరికని రాజోలు వచ్చేరు కదండి. డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు, మా స్టూడియోకి వచ్చేరు. "బాబూ, నా ఇద్దరు కొడుకులూ ఒక్క ఫోటోలో కావాలి. ఒకడు వాకిట్లో ఉంటాడు, ఒకడు గోడవతల ఉంటాడు. పిలిస్తే రారు. తియ్యగలవా?" అన్నారండి. నా దగ్గరున్న లెన్సులు దానికి చాలవు. రాజమండ్రిలో స్నేహితుణ్ణి బతిమాలి ఈ చేప కన్ను తెచ్చేను.

ఆ రోజు నిచ్చెన మీద ముందు ఉంగరం కొంచెమే తిప్పేను. సీమోను గారు తెగిపోయేరు. కింద నుంచి జయమ్మగారు చెయ్యెత్తి "ఇంకా, ఇంకా" అని సైగ చేసేరు. మీరు చేటంత ఉందని రాసిన చెయ్యి అదేనండి.

ఇట్లు,
మీ చిట్టిబాబు

తా.క.: అంచున ఉన్న గోడ వంగి కనపడుతుంది, అయ్యగార్లు గొడవ పడతారేమోనని ఆవిడకి ముందే చెప్పేనండి. అయినా "వంగనీ బాబూ" అన్నారు.