కోల్డ్‌రూమ్ ఫోన్‌కే మొదటి వరుస

మంగళవారం, తుక్కుగూడ

మా గోదాంలో ఏ ఫోన్ చెడినా నా కంప్యూటర్‌లో అలారం వస్తుంది. ఏది ముందు బాగుచేయాలో నేనే వరుస పెట్టాలి. కోల్డ్‌రూమ్ లోపలి ఫోన్ వారం నుంచి ఎర్రగా చూపిస్తోంది. ఎక్కువ సమయం పట్టే పని ముందు పెడితే నెల రిపోర్టులో రిపేర్ల లెక్క తగ్గుతుందని మేనేజర్ అంటే, దాన్ని అట్టడుగున వేసింది నేనే.

ఈ ఉదయం అక్కడ ప్యాకింగ్ చేసే రిజ్వానా అక్క నా దగ్గరికి వచ్చింది.

"నిన్న నేను లోపలుండంగ తలుపు పట్టేసింది చెల్లె. ఫోనెత్తితే సప్పుడే లేదు. చేతులు తిమ్మిరెక్కేదాక తలుపు కొడితే ఎవరో విని తీసిండ్రు."

వెంటనే దాన్ని పైకి మార్చి, వైరు తీసుకుని వెళ్లాను. మధ్యాహ్నానికి ఫోన్ పలికింది. అప్పుడే మేనేజర్ వచ్చాడు.

"నా ఫోన్ గరగరమంటుంటే నువ్వీడ ఏం చేస్తున్నవ్?"

"మీ ఫోన్ పోతే బయటికొచ్చి పిలుస్తరు సార్. లోపల ఇరుక్కున్న అక్క ఎట్ల పిలుస్తది?"

రేపటికి సంజాయిషీ రాసివ్వమన్నాడు. ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. తీసేస్తే ఇంట్లో ఏం చెప్పాలో...

సంజాయిషీ ఇప్పుడే రాశాను. తప్పయిందని ఎక్కడా రాయలేదు. సాయంత్రం బయలుదేరే ముందు లిఫ్టులో చెడి ఉన్న ఫోన్‌ను కూడా పై వరుసలోకి మార్చి వచ్చాను.