మూర్తిగారికి సన్మానం

జనవరి, ఆదివారం రాత్రి

ఆ బాతు మల్లార్డ్ కాదు మూర్తిగారూ, షవలర్. ఆకుపచ్చ తల రెండింటికీ ఉంటుంది. గరిటెలాంటి ముక్కు దీనికే.

పొద్దున నజఫ్‌గఢ్ చెరువు గట్టున ఆ మాటే అంటే, "ఆంటీ, కళ్ళజోడు మార్చండి" అన్నాడు మా వాకింగ్ గుంపు పెద్ద మూర్తి. నా ఈడువాడు, నన్ను ఆంటీ అనడం! చలికి వణుకుతూనే అందరూ నవ్వారు. మనవరాలు మిన్నీ కూడా "నానీ, ఛోడో నా" అంటూ ఇక వదిలెయ్యమంది. అదే గుచ్చుకుంది. దానికి పిట్టల్ని గుర్తుపట్టడం నేర్పింది నేను.

ఇంటికొచ్చి చూస్తే, మిన్నీ తీసిన ఫొటోలో గరిటె ముక్కు స్పష్టంగా ఉంది. వాట్సాప్‌లో పెడితే చూసీ చూడనట్టు ఊరుకుంటాడు. అందుకే వచ్చే ఆదివారం టీ దగ్గర, అందరి ముందూ సన్మానం చేస్తాను.

రేపు జనక్‌పురి మార్కెట్లో ఒక శాలువా, ఒక చెక్క గరిటె కొనాలి. శాలువా చవకదైనా పరవాలేదు, గరిటె మాత్రం వెడల్పాటిది చూడాలి.