అమావాస్య వద్దన్నాను

గురువారం, రాత్రి

మంచి రోజట, మంచి రోజు! చూసింది నేనే కదా. నా భార్య పార్వతికి పిత్తాశయంలో రాళ్లు తీయించడానికి ఇవాళ విశాఖ తీసుకెళ్లాను. గుండెకి పెట్టిన పేస్‌మేకర్ చెక్ చేయించారా అని మత్తు డాక్టరమ్మ అడిగింది. ఆ మిషన్ చూసే అతను వస్తానన్నది మొన్న అమావాస్యనాడు. నేనే వద్దన్నాను.

"ఆపరేషన్‌లో కరెంటు వాడతాం. పేస్‌మేకర్ తడబడితే ప్రమాదం. చెక్ చేయందే మత్తు ఇవ్వను," అందావిడ.

తిరుగు బస్సులో పార్వతి పొట్ట పట్టుకునే నవ్వింది. "ఏటండీ, అమాసనాడు నా గుండి సెలవెడతాదేటి?"

ఇంట్లో జోకులేసేది నేను. ఇవాళ ఆ పని తనే చేసింది. పక్కగదిలో మూలుగు వినపడుతోంది. రేపు పొద్దున్నే ఆ మిషన్ అతనికి ఫోన్ చేసి, ఏ రోజైనా సరే రమ్మని...

అదిగో, "ఓపాలి రండీ" అంటోంది. నేను—